పదహారు నాబులు, ఒక డాంగిల్

1వ రోజు

అన్నయ్య కీబోర్డు వాయిస్తాడు. వేళ్లు కదిలేది కీబోర్డు మీదే గానీ పలికేది మాత్రం ల్యాప్‌టాప్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ సింథ్, అంటే కంప్యూటర్‌లోనే శబ్దాలు పుట్టించే వాయిద్యం. ఎడం చెయ్యి కార్డ్ (కలిపి నొక్కే స్వరాలు) పట్టుకుని ఉంటుంది, కుడి చెయ్యి మౌస్ కోసం తడుముకుంటూ ఉంటుంది. ఫిల్టర్ కట్ఆఫ్ (సౌండ్‌లో ఎంత పైస్థాయి దాకా బయటికి రావాలో చెప్పే హద్దు) తిప్పాలంటే స్క్రీన్ మీద చొక్కా గుండీ అంత నాబ్ బొమ్మ ఉంటుంది. దాని మీద క్లిక్ చేసి పైకీ కిందకీ లాగాలి. గుండ్రంగా తిరగాల్సినదాన్ని నిలువుగా లాగడమేంటని అడిగితే, అలవాటైపోయింది అంటాడు.

"లాగడం సరేరా, రెండు నాబులు ఒకేసారి కదలాలి. ఫిల్టర్ తెరుస్తూ రెసొనెన్స్, అంటే ఆ హద్దు దగ్గరి మోత, తగ్గించాలి. మౌస్‌తో అదెలా కుదురుతుంది?"

కుదరదు. అందుకే ఈ బాక్స్ కడుతున్నాను: చేత్తో తిప్పే నాబులుంటాయి, తిప్పినది సింథ్‌కి చెబుతుంది.

1970లో వచ్చిన మినీమూగ్ అనే సింథ్ ఫొటో చూస్తే ఒక్కో పనికి ఒక్కో నాబ్ ఉంటుంది, ఏం జరుగుతోందో కంటికే తెలుస్తుంది. 1983 నాటి యమహా డీఎక్స్7కి వచ్చేసరికి బటన్లు, చిన్న డిస్‌ప్లే, విలువ మార్చడానికి ఒకే ఒక స్లైడర్ మిగిలాయి. దాంతో సొంతంగా సౌండ్ కట్టుకునే ఓపిక చాలామందికి లేకుండా పోయింది, ఫ్యాక్టరీ ప్యాచ్‌లే (కంపెనీ ముందే సర్ది దాచిన సౌండ్‌లు) వాయించుకున్నారు. మౌస్ పట్టుకున్న సాఫ్ట్‌వేర్ సింథ్ కూడా ఆ బాపతే. కంటికి నాబులన్నీ కనిపిస్తాయి, చేతికి అందేది ఒక్కటి.

పదహారు నాబులు చాలనుకున్నాం. కట్ఆఫ్, రెసొనెన్స్, ఫిల్టర్ మీద ఎన్వలప్ (నొక్కిన స్వరం ఎలా లేచి ఎలా తగ్గాలో నడిపేది) ఎంత పనిచేయాలో చెప్పేది ఒకటి. రెండు ఎన్వలప్‌లకి అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అనే నాలుగు దశల చొప్పున ఎనిమిది. సౌండ్‌ని నెమ్మదిగా ఊపే ఎల్‌ఎఫ్‌ఓకి రేటు, డెప్త్. స్వరం పుట్టించే ఆసిలేటర్ల మిక్స్, వాటి శ్రుతిని కాస్త పక్కకి జరిపే డీట్యూన్, చివరగా గది ప్రతిధ్వనిలాంటి రివర్బ్. ఇంతకంటే ఎక్కువ పెడితే ఏది ఎక్కడుందో చీకట్లో వెతుక్కోవడమే అవుతుంది.

2వ రోజు

బోర్డు ఏటీమెగా 32యూ4 చిప్ ఉన్నది తీసుకున్నాను. కారణం ఒక్కటే: యూఎస్‌బీ చిప్‌లోనే ఉంటుంది, కంప్యూటర్‌కి తగిలించగానే మిడి (వాయిద్యాలు, కంప్యూటర్లు సందేశాలు పంపుకునే భాష) పరికరంలా కనిపిస్తుంది, డ్రైవర్ గొడవ లేదు. అనలాగ్ పిన్నులు పదహారు లేవు కాబట్టి ముందు 4067 మల్టీప్లెక్సర్ పెట్టాను. నాలుగు సెలెక్ట్ వైర్లతో పదహారు పాట్‌లని (నాబ్ కింద ఉండి, తిప్పితే ఓల్టేజీ మార్చే పొటెన్షియోమీటర్లు) ఒక్కొక్కటిగా పిలిచి చదవొచ్చు.

పాట్‌లు మాత్రం పాత మిక్సర్‌లోంచి ఊడదీసినవి వాడాను. పిసినారితనం. నాబ్ సగానికి తిప్పితే కట్ఆఫ్ పదిహేను దగ్గరే నిలబడింది, చివరి పావు తిప్పుడులో ఒక్కసారిగా 127కి పరిగెత్తింది. కింద చూస్తే ‘ఏ100కె’ అని ఉంది. ఏ అంటే ఆడియో టేపర్, వాల్యూమ్ కోసం చేసిన లాగ్ పాట్. మనకి కావాల్సింది బి, అంటే లీనియర్, ఎంత తిప్పితే అంతే మారేది.

ఇంకో వింత కూడా. మూడో నాబ్ తిప్పితే నాలుగోదాని విలువ కూడా కొంచెం కదులుతోంది. దెయ్యం పట్టినట్టు. వైరింగ్ రెండుసార్లు విప్పి కట్టాను, లాభం లేదు. తప్పు వైర్లది కాదు. చిప్ లోపల ఏడీసీకి (ఓల్టేజీని అంకెగా మార్చే భాగం) ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, ఛానల్ మారినప్పుడల్లా కొత్త ఓల్టేజీకి అది నిండాలి. ఏటీమెగా చిప్‌లకి సోర్స్ రెసిస్టెన్స్ 10 కిలో ఓమ్‌ల లోపు ఉండాలని డేటాషీట్ చెబుతుంది. 100 కిలో ఓమ్‌ల పాట్ సగం దగ్గర 25 కిలో ఓమ్‌లలా కనిపిస్తుంది. కెపాసిటర్ నిండే లోపే రీడింగ్ అయిపోతోంది, పక్క నాబ్ వాసన ఇంకా అందులోనే ఉంటోంది.

బి10కె పాట్‌లు తెచ్చి మార్చాను. అవి సగం దగ్గర రెండున్నర కిలో ఓమ్‌లే. దానికి తోడు ఛానల్ మార్చాక మొదటి రీడింగ్ పారేసి రెండోది తీసుకుంటున్నాను. దెయ్యం వదిలింది.

4వ రోజు

ఎవరూ ముట్టుకోకుండానే నాబులు మాట్లాడుతున్నాయి. మిడి మానిటర్ తెరిచి చూస్తే 63, 64, 63, 64 అని వర్షం.

ఏడీసీ 10 బిట్లు, అంటే 0 నుంచి 1023. మిడిలో మామూలు కంట్రోల్ విలువ 7 బిట్లు, 0 నుంచి 127. ఎనిమిదితో భాగిస్తే సరిపోతుంది గానీ రీడింగ్ సరిగ్గా గట్టు మీద నిలబడితే అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. కిందటిసారి పంపినప్పటి రీడింగ్‌కీ ఇప్పటిదానికీ కనీసం 6 తేడా ఉంటేనే పంపు అని రాశాను. వర్షం ఆగింది.

ఆగాక ఇంకో తంటా. రివర్బ్ పూర్తిగా తగ్గించినా ఒక్కోసారి 1 దగ్గర ఆగిపోతోంది, 0కి చేరడం లేదు. ఆ 6 తేడా నిబంధనే అడ్డుపడుతోంది. రీడింగ్ 4 కంటే తక్కువైతే 0, 1019 దాటితే 127 అని రెండు చివర్లకీ విడిగా రెండు లైన్లు రాయాల్సొచ్చింది. ఇలాంటి బాక్స్ ఎవరు కట్టినా ఈ రెండు లైన్ల దగ్గర ఒక సాయంత్రం పోగొట్టుకుంటారని నా అనుమానం.

6వ రోజు

మెట్లు.

రెసొనెన్స్ బాగా పెంచి, ఫిల్టర్ తనంతట తాను ఈల వేసేదాకా తెచ్చి, కట్ఆఫ్ నెమ్మదిగా తిప్పాను. జారుగా పైకి పోవాల్సిన స్వరం హార్మోనియం మీద వరసగా వేళ్లు వేసినట్టు మెట్టుమెట్టుగా ఎక్కింది. అన్నయ్య తల పైకెత్తి, "ఇదేంటి, ఫిల్టర్‌కి కూడా కీబోర్డు తగిలించావా?" అన్నాడు.

వేళాకోళంగా అన్నా లెక్క అంతే. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకూ అంటే వెయ్యి రెట్లు, దాదాపు పది ఆక్టేవ్‌లు, ఆక్టేవ్‌కి 12 చొప్పున 120 సెమీటోన్లు. మన చేతిలో ఉన్నవి 128 విలువలు. కట్ఆఫ్ మొత్తం రేంజ్‌ని ఒకే నాబ్ మీద పరిస్తే ఒక్కో మెట్టు సుమారుగా ఒక్కో సెమీటోన్. వాల్యూమ్ మీదైతే ఈ మెట్లు చెవికి అంతగా దొరకవు, ఈల వేస్తున్న ఫిల్టర్ మీద దాగవు.

1983లో మిడి రాసినవాళ్లకి ఈ సంగతి తెలియక కాదు. 0 నుంచి 31 వరకూ ఉన్న కంట్రోల్ నంబర్లకి (ఏ నాబ్ కదిలిందో చెప్పే సంఖ్యలు) 32 నుంచి 63 వరకూ జోడీలు పెట్టారు. రెండూ కలిపితే 14 బిట్లు, 16,384 విలువలు. మన ఏడీసీ 10 బిట్లే ఇస్తుంది గాబట్టి 1024 మెట్లే దక్కుతాయి, అయినా ఒక్కో మెట్టు సెమీటోన్‌లో ఎనిమిదో వంతుకి దిగుతుంది. కట్ఆఫ్‌కి ఆనవాయితీగా వాడే 74వ నంబర్‌కి జోడీ లేదు. అందుకని 16కి మార్చి, దాని జోడీ 48తో కలిపి పంపాను.

సింథ్‌లో మిడి లెర్న్ (ఇప్పుడు కదిలే నాబ్‌ని నేర్చుకో అని చెప్పేది) నొక్కి నాబ్ తిప్పాను. కట్ఆఫ్‌కి పిచ్చెక్కింది. కింది నుంచి పైకి, మళ్లీ కింది నుంచి పైకి, ఒక్క తిప్పుడులో వంద సార్లకు పైగా. సింథ్‌కి 14 బిట్ల భాష రాదు. వచ్చిన రెండు సందేశాల్లో చివరిదాన్ని, అంటే 48ని, విడి నాబ్ అనుకుని నేర్చేసుకుంది. పై భాగం ఒక్క మెట్టు ఎక్కేలోపు ఆ కింది భాగం 0 నుంచి చివరిదాకా ఒక చుట్టు తిరుగుతుంది మరి. 2020లో వచ్చిన మిడి 2.0లో కంట్రోల్ విలువలు 32 బిట్లు, ఈ బాధ అక్కడ ఉండదు. కానీ ఈ సింథ్ ఆ ఊసు ఎత్తదు.

మళ్లీ 7 బిట్లకే వచ్చాను. సింథ్ సెట్టింగ్స్‌లో అడుగున స్మూతింగ్ అని ఒక ఆప్షన్ దొరికింది. కొత్త విలువ రాగానే అక్కడికి దూకకుండా, ఉన్న చోటి నుంచి మిగిలిన దూరంలో కాస్త కాస్త జరుగుతూ పోతుంది. 20 మిల్లీసెకన్లు పెడితే మెట్లు కరిగాయి. 100 పెట్టి చూశాను, నాబ్‌కీ సౌండ్‌కీ మధ్య రబ్బరు బ్యాండ్ కట్టినట్టుంది. 20 దగ్గరే ఉంచాం.

9వ రోజు

అన్నయ్యకి మొదటిసారి పూర్తిగా అప్పగించాను. పది నిమిషాలు గడిచాయో లేదో,

"ఏరా, నాబ్ ఇంత తిప్పితే సౌండ్ అంత ఎగిరిందేంటి?"

"ప్యాచ్ మార్చావా అన్నయ్యా?"

"మార్చాను. మార్చకుండా ఎలా వాయిస్తారు?"

"ఆ సంగతి నాబ్‌కి తెలీదు కదా."

ఈ బాక్స్‌లో అసలు సమస్య ఇదేనని నాకు ఆ రాత్రి అర్థమైంది. నాబ్ ఉన్నది ఒక చోట, ఉందని సింథ్ అనుకుంటున్నది ఇంకో చోట. పాత ప్యాచ్‌లో రివర్బ్ 100 దగ్గర ఉంది, కొత్త ప్యాచ్‌లో 20. చేతి కింద నాబ్ ఇంకా 100 మీదే ఉంది. ఒక్క చిటికెడు కదిపితే 20 నుంచి 101కి దూకుతుంది.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి పికప్: నాబ్ తిరిగి తిరిగి సింథ్‌లో ఉన్న విలువని దాటేదాకా సింథ్ దాన్ని పట్టించుకోదు. దూకుడు పోతుంది, కానీ వాయించేవాడికి కాసేపు ‘నాబ్ చచ్చిపోయిందా’ అనిపిస్తుంది. రెండోది ఎన్‌కోడర్. దానికి మొదలూ చివరా లేవు, ఎక్కడుందో చెప్పదు, ఎటు ఎన్ని మెట్లు తిరిగిందో మాత్రం చెబుతుంది.

ఎక్కువగా కదిలే నాలుగింటికి ఎన్‌కోడర్లు: కట్ఆఫ్, రెసొనెన్స్, ఎల్‌ఎఫ్‌ఓ రేటు, డీట్యూన్. మిగతా పన్నెండింటికీ పాట్‌లే ఉంచి పికప్. ఎన్వలప్ నాబులు కంటికి కనిపించేలా ఒక చోట నిలబడి ఉండాలని అన్నయ్య పట్టు. అందులో న్యాయం ఉంది.

12వ రోజు

ఎన్‌కోడర్లు ఈసీ11 రకం, చుట్టుకి 20 క్లిక్కులు. 128 విలువలు దాటాలంటే ఆరు చుట్లకు పైనే తిప్పాలి, పాట మధ్యలో బావిలో నీళ్లు తోడినట్టు. వేగంగా తిప్పితే ఒక్కో క్లిక్కుకీ 4 మెట్లు, నెమ్మదిగా అయితే 1 అని పెట్టాను.

ఎన్‌కోడర్ వైర్లు రెండు, ఏ, బి. ఏది ముందు మారిందో చూస్తే దిశ తెలుస్తుంది. ముందటి స్థితి, ఇప్పటి స్థితి కలిపి 16 గళ్ల పట్టిక ఒకటి పెట్టుకుంటే కుదరని మార్పులు సున్నాగా పోతాయి, స్విచ్ కాంటాక్ట్ చిటపటలు చాలావరకు అందులోనే రాలిపోతాయి. ఎంసీపీ23017 అనే పిన్నులు పెంచే చిప్ ద్వారా మిల్లీసెకనుకోసారి చదువుతున్నాను.

‘ఒక మెట్టు వెనక్కి’ అని చెప్పడానికి మాత్రం ఒక భాష లేదు. ఒక పద్ధతిలో 127 అంటే వెనక్కి ఒకటి. ఇంకో దాంట్లో 63. మరో దాంట్లో 65. తప్పు పద్ధతి ఎంచుకుంటే వెనక్కి తిప్పినప్పుడు కూడా కట్ఆఫ్ ముందుకే ఎగబాకుతుంది. మన సింథ్ 63 రకం. మూడు రకాలూ కోడ్‌లో ఉంచాను, ఎన్‌కోడర్ నొక్కిపట్టి ప్లగ్ పెడితే మారుతుంది.

15వ రోజు

పాట్‌ల పక్కన రంగుల ఎల్‌ఈడీలు, డబ్ల్యూఎస్2812 రకం, పన్నెండు. పికప్ దొరక్కపోతే ఎరుపు, దొరికాక ఆరిపోవాలి. ప్లగ్ పెట్టగానే అన్నీ వెలుగుతున్నాయో లేదో చూడటానికి ఒక్క సెకను తెల్లగా వెలిగించాను. అందంగా ఉంది. ఆ సెకనులోనే సింథ్ మూగబోయింది. స్క్రీన్ మీద: లైసెన్స్ కనబడలేదు.

ఈ సింథ్‌కి డాంగిల్ ఉంది. వేలి గోరంత యూఎస్‌బీ ముక్క, అది లేకపోతే సింథ్ నోరు తెరవదు. ల్యాప్‌టాప్‌కి రెండే పోర్టులు. ఒకదానికి ఆడియో ఇంటర్‌ఫేస్, రెండోదానికి అడాప్టర్ లేని హబ్. హబ్‌లో కీబోర్డు, నా బాక్స్, డాంగిల్.

ముందు అనుమానం డేటా మీద పడింది. నా మిడి సందేశాలు ఎక్కువై డాంగిల్‌కి దారి దొరకట్లేదేమో అని వైర్‌షార్క్ అనే ప్రోగ్రామ్ పెట్టి యూఎస్‌బీ రాకపోకలు చూశాను. డాంగిల్‌తో సింథ్ కొన్ని సెకన్లకోసారి నాలుగు మాటలు మాట్లాడి ఊరుకుంటోంది. నాబులన్నీ కలిపి తిప్పినా దారిలో సగం కూడా నిండలేదు. వాయించేటప్పుడు ఆ పలకరింపు సౌండ్‌కి అడ్డు రాకపోవడానికీ కారణం ఉంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ (ఒక్కో విడతలో కట్టే సౌండ్) అంటే రెండున్నర మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ. అంతలో సౌండ్ లెక్క కట్టేయాలి, డాంగిల్ జవాబు కోసం కూర్చుంటే టప్‌మని పగులుతుంది. అందుకే ఆ పనిని పక్కన ఇంకో దారిలో నడుపుతారు.

కాబట్టి డేటా కాదు, కరెంటు. డబ్ల్యూఎస్2812 పూర్తి తెలుపులో ఒక్కోటి సుమారు 60 మిల్లీయాంపులు లాగుతుంది. పన్నెండూ కలిపి 720. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500, అదీ హబ్ మొత్తానికి. ఓల్టేజీ కుంగింది, డాంగిల్ ఒక్క క్షణం బస్ మీంచి జారిపోయింది, సింథ్ తలుపు వేసేసింది. నా బాక్స్‌కి మాత్రం ఏమీ కాలేదు, దర్జాగా వెలుగుతూనే ఉంది.

తెలుపు తీసేశాను. ఎరుపు ఒక్కటే, పదో వంతు వెలుగులో. అన్నీ కలిపి 40 మిల్లీయాంపులు దాటవు.

16వ రోజు

పనికి సంబంధం లేని రోజు. నా దగ్గర ఇంకో బోర్డు ఖాళీగా ఉంది, బొమ్మ డాంగిల్ ఒకటి చేసి చూద్దామనిపించింది.

సూత్రం చిన్నదే. కంప్యూటర్ ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. బోర్డు తనలోని రహస్య కీని దానితో కలిపి హాష్ (వెనక్కి విప్పలేని అంకెల ముద్ర) కట్టి తిరిగి పంపుతుంది. కీ ఎప్పుడూ బయటికి రాదు. ప్రతిసారీ ప్రశ్న వేరు కాబట్టి పాత జవాబు రికార్డు చేసుకున్నా చెల్లదు. గంటలో అయిపోయింది. అసలువాటిలో కీని మామూలు మైక్రోకంట్రోలర్‌లో పెట్టరు, విప్పినా లోపలికి కన్ను పడని సెక్యూర్ చిప్‌లో పెడతారు. అంత తేడా ఒప్పుకుంటాను.

తర్వాత నా కంప్యూటర్ వైపు ప్రోగ్రామ్ చూశాను. జవాబు సరిపోతే ముందుకు వెళ్లు, లేకపోతే ఆగు. ఒకే ఒక్క షరతు లైన్. తాళం ఎంత గట్టిదైనా తలుపు ఆ లైన్ మీద వేలాడుతోంది. సింథ్ తయారీదారులు ఆ లైన్‌ని అక్కడక్కడా చల్లి, ప్రోగ్రామ్‌లో కొంత భాగాన్ని డాంగిల్ ఉంటే తప్ప విప్పలేనట్టు మూటకట్టి ఎందుకంత శ్రమపడతారో ఇప్పుడు తెలిసింది. ఆ శ్రమ బరువు దొంగ మీద పడుతుందో లేదో గానీ, డబ్బు పెట్టి కొనుక్కున్న అన్నయ్య పోర్టు మీద మాత్రం పడింది.

ఇది కొత్త కథేం కాదు. పాత అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌లో క్యూబేస్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లు కార్ట్రిడ్జ్ స్లాట్‌లో డాంగిల్ గుచ్చుకునేవాళ్లు. పీసీల్లో ప్రింటర్ పోర్టుకి, తర్వాత యూఎస్‌బీకి వచ్చింది. అలాంటిదే ఇంకోటి, లాజిక్, 2007లో ఎనిమిదో వెర్షన్‌తో డాంగిల్ వదిలేసింది. క్యూబేస్ 2022లో పన్నెండుతో వదిలేసింది. ఐలాక్ అనే డాంగిల్ పద్ధతి వాడే ప్లగిన్లు (సంగీత సాఫ్ట్‌వేర్‌కి తగిలించే సింథ్‌లు, ఎఫెక్టులు) ఇంకా చాలా ఉన్నాయి, వాటిలో కొన్నింటికి లైసెన్స్‌ని కంప్యూటర్ మీదో క్లౌడ్‌లోనో కూడా పెట్టుకోవచ్చు. క్లౌడ్ అంటే రిహార్సల్ గదిలో నెట్ ఉండాలి మరి. దానికంటే జేబులో డాంగిలే నయమనే వాయిద్యకారులూ ఉన్నారు. కంప్యూటర్ చెడితే డాంగిల్ తీసి ఇంకోదానికి తగిలించుకుంటే అయిపోతుందంటారు. అదీ కాదనలేను.

20వ రోజు

రిహార్సల్‌కి బాక్స్ వెళ్లింది. డాంగిల్ వెళ్లలేదు, ఇంట్లో పాత కంప్యూటర్‌కి అతుక్కుని ఉండిపోయింది.

ఫోన్‌లో అన్నయ్య: "నీ బాక్స్ బ్రహ్మాండంగా తిరుగుతోందిరా. తిరిగితే ఏం, వినడానికి అవతల ఎవరూ లేరు."

అదృష్టవశాత్తూ నేపథ్యంలో నడిచే రెండు ట్రాకులు ముందే ఫ్రీజ్ చేసి ఉన్నాయి, ఆడియోగా మారిపోయాయి కాబట్టి వాటికి సింథ్ అక్కర్లేదు. చేత్తో వాయించాల్సిన లీడ్ (ముందు వినిపించే బాణీ) ఒక్కటే సమస్య. సర్జ్ ఎక్స్‌టీ అనే ఉచిత సింథ్ వేసుకోమన్నాను. 2018లో దాని సోర్స్ కోడ్ బయటపెట్టారు, డాంగిల్ లేదు, లైసెన్స్ ఫైల్ లేదు. నాబులకి నేర్పించుకోవడానికి పావుగంట పట్టింది, ఎన్‌కోడర్ల పద్ధతి మార్చడానికి ఫోన్‌లో చెబుతూ ఇంకో పది నిమిషాలు. సౌండ్ అదే కాదు. ఫిల్టర్ గుణం వేరు, ఈల ఇంకో రకంగా వేస్తుంది. కానీ కట్ఆఫ్ తెరుస్తూ రెసొనెన్స్ తగ్గించడం రెండు చేతుల్లోకీ వచ్చేసింది, అతను అడిగింది అదే.

21వ రోజు

ఇప్పుడు ప్రతి పాటకీ రెండు ప్యాచ్‌లు కట్టుకుంటున్నాడు, ఒకటి డాంగిల్ సింథ్‌లో, ఇంకోటి సర్జ్‌లో. మూడో ఎన్‌కోడర్ ఒక్కోసారి రెండు మెట్లు దూకుతోంది. పట్టికలో తప్పో, సోల్డరింగ్‌లో తప్పో ఇంకా చూడలేదు.

"ఆ బాక్స్ వెనక డాంగిల్‌కి కూడా ఒక గూడు పెట్టెయ్. నాబులు మర్చిపోయి వెళ్లను కదా, వాటితో పాటే అదీ వస్తుంది" అన్నాడు నిన్న.

గూడు అంటే లోపల చిన్న హబ్, దానికి సొంత 5 వోల్టుల అడాప్టర్, లేకపోతే ఎల్‌ఈడీలతో మళ్లీ అదే రామాయణం. డాంగిల్ బయటికి పొడుచుకొస్తే మోచెయ్యి తగిలి విరుగుతుంది, కాబట్టి లోపలికి ఉండాలి, తీసుకోవడానికి వేలు పట్టాలి. అట్టముక్క మీద గీసి కత్తిరించి పెట్టి చూశాను. వేలు పట్టలేదు. రెండు మిల్లీమీటర్లు పెంచి మళ్లీ గీశాను. రేపు వెనక ప్లేటుకి డ్రిల్లు.